కాఫీ కూజా దగ్గర కాన్పు

పశువుల డాక్టరు కృష్ణమూర్తిది తెనాలి. సౌదీలో తబూక్‌కి అవతల, ఒంటెల మందల మీద బతికే ఊళ్ళో ఉద్యోగంలో చేరి పదకొండు రోజులైంది. ఆ ఎడారిలో ఏ దారి ఎటు పోతుందో ఆయనకింకా ఒంటబట్టలేదు. ఒంటబట్టింది ఒంటెల వాసనొక్కటే.

ఆ ఉదయం ఒక మంద నుంచి కాపరి సలీం ఫోన్ చేశాడు. వాడిది రాయచోటి. ఒంటె ఒకటి ఈనలేక తెల్లారుజాము నుంచీ అవస్థ పడుతోంది. ఇంకో గంట దాటితే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు.

"లొకేషన్ పంపవయ్యా."

"ఈడ నెట్ లేదు సార్. గుర్తులు చెప్తా. రైలు లేని స్టేషను దాటినాక పాడుబడిన కోట. కోట దాటితే సర్కిల్లో పెద్ద కాఫీ కూజా. ఆడ ఎడం పక్కకి తిరుక్కోండి."

హైదరాబాదీ డ్రైవరు మౌలాలి బండి దౌడు తీయించాడు. స్టేషను వచ్చింది. వందేళ్ళ నాటి రాతి కట్టడం. "నాకు పట్టా ఉంది, దీనికి పట్టాల్లేవు" అని డాక్టరు తన జోకుకి తానే నవ్వుకున్నాడు. కోట వచ్చింది. రెండంతస్తుల ఎత్తు సిమెంటు కూజా వచ్చింది. ఎడమకి తిరిగారు. పావుగంటకి ఇంకో కోట, ఇంకో కూజా!

"ఇది అదేనా?"

"గదే సార్... కాదు సార్, దాని మూతి తూర్పుకుండె."

"మనం తిరిగితే దాని మూతీ తిరుగుతుందయ్యా!"

మూడో కూజా కనబడేసరికి డాక్టరు బుర్ర గుండ్రంగా తిరిగింది. మళ్ళీ ఫోన్ మోగింది.

"యాడుండారు సార్?"

"కూజా దగ్గర."

"యా కూజా?"

"ఎన్నున్నాయయ్యా?"

"నాకు తెల్సి ఒగటే సార్. పిల్ల ముట్టె, ఒగ ముంగాలు కనబడతాండాయి. రెండో కాలు లేదు."

డాక్టరు గొంతు మారిపోయింది. "మౌలాలీ, బండి ఆపు. సలీం, స్పీకర్ పెట్టు. మోచేతి దాకా సబ్బుతో కడుక్కుని నూనె రాసుకో. నొప్పి ఆగినప్పుడు పిల్లని లోపలికి నెట్టు."

"లోపలికా? లాగాల కదా సార్!"

"లాగితే చస్తుంది. నెట్టు. మెడ పక్కనుంచి కిందికి దిగు. మడత పడ్డ మోకాలు తగుల్తుంది."

"తగిలె!"

"అక్కడ ఆగకు, ఇంకా కిందికి. పాదం దొరికిందా? గోళ్ళు తల్లికి గీసుకోకుండా గుప్పిట్లో మూసిపట్టు. మోకాలు పైకి తోసి, పాదాన్ని నీ వైపు తిప్పుకో."

మౌలాలి నోరు తెరిచాడు. తానెక్కడున్నాడో తెలియని మనిషి, తాను చూడని కడుపులో సందు సందుకీ దారి చెబుతున్నాడు!

"రెండు కాళ్ళూ వచ్చె సార్!"

"తల్లి ముక్కినప్పుడే లాగు."

గాలి హోరు. సలీం రొప్పు. తడి దుప్పటి కిందపడ్డట్టు చప్పుడు. ఆపైన ఏమీ లేదు.

"ఊపిరుందా?"

"లేదు సార్... కదల్లా."

"ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పు."

"సార్, ఎటు పోనియ్యాలె?" అన్నాడు మౌలాలి.

"నోర్ముయ్!"

ఫోన్లో సన్నగా, చిరాగ్గా ఒక తుమ్ము వినబడింది. వెనకే సలీం ఏడుపో నవ్వో తెలియని కేక. "తల్లి నిలబడె సార్! పిల్లని ముక్కుతో మూజూస్తాంది!"

బయల్దేరేటప్పుడు తుమ్ము వినబడితే తెనాలిలో చెప్పులు విడిచి కాసేపు కూర్చుంటారు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పోనీ మౌలాలీ."

"ఎటు సార్?"

"ఎటైనా పోనీవయ్యా, ఇప్పుడు తొందర్లేదు."