ముత్యము నెమరువేసిన సాయంకాలము

జ్యేష్ఠమాసారంభమున ప్రచండమార్తాండకిరణసంతప్తయై గుండ్లకమ్మ సన్నని నీటిపాయ మాత్రము మిగిలి సైకతముల నడుమ నొదిగి ప్రవహించుచుండ, నైరృతిదిశాముఖమున నీలమేఘశకలములు పొడసూపి కర్షకజనహృదయములకు నాస గొలుపుచుండ, ఊరనెల్ల యిండ్లలోను నాగళ్లు చెక్కుచు పలుపులు పేనుచు ఏరువాకకు సన్నాహములు జరుగుచుండెను. నాంచారమ్మ కొట్టములో మాత్రము డప్పులు మ్రోగుచుండెను.

నాంచారమ్మ నడియీడున భర్తను గోలుపోయి సంతానహీనయయ్యు రెండెడ్లతో తన కొద్దిపాటి సేద్యమును మగవారికి తీసిపోని దక్షతతో నడుపుకొనుచున్న యిల్లాలు. ఆ యెడ్లలో ధవళదేహమగునది ముత్యము, ఎఱ్ఱనిది పగడము. దూడలనాటినుండి యొక్క గాటివద్దనే మేసి పెరిగిన యా జతలో ముత్యము మోడువాఱిన జొన్నదంట్లను మితిమీఱి తిని నెమరు మఱచెను. డొక్క యుబ్బెను, పేడ వేయదాయెను. ఏరువాకవేళ జత విడిపోయినచో పొలము బీడుపడుట నిశ్చయము. అంతకంటె, చేతులార పెంచిన పశువు కన్నులయెదుట కూలిపోవునేమో యన్న దిగులే యామెను నిలువున క్రుంగదీయుచుండెను.

నెమరు తప్పిన పశువునకు గాలి సోకినదని తలంచి, దానిని జతనుండి వేఱుచేసి కొయ్యకు బిగించికట్టి వేపమండల పొగవైచి డప్పులు వాయించి యా గాలిని పాఱద్రోలుట ఆ యూర పెద్దలనాటి యాచారము. మఱది పున్నయ్య మంచివాడే. వదినగారి మీది యక్కఱతోనే డప్పువాండ్రను పిలిపించెను. ముత్యము కన్నులు తేలవైచి చెవులు నిక్కించి గడగడ వడకుచుండ చూచి యతడు "అదిగో, గాలి దిగుతోంది! ఇంకా గట్టిగా కొట్టండి!" అని హెచ్చరించుచుండెను. పాపము, అది వడకినకొలది వీరు వాయించిరి. వీరు వాయించినకొలది అది వడకెను.

నాంచారమ్మ కబురంపగా పొరుగుపట్టణమునుండి వచ్చిన పశువైద్యుడు అనంతశయనముగారు మందు త్రాగించి, ఎడమడొక్కపై చెవి యాన్చి యెంతయోసేపు కదలక నిలిచిరి. తోలు సడలుటచే డప్పువాండ్రు వాద్యముల నాపి మంటవద్ద కాచుకొనుచున్న తఱి నాయన కనుబొమలెత్తి "అమ్మా, నీవే చెవిపెట్టి వినుము" అనిరి.

నాంచారమ్మ చెవి యాన్చెను. లోపల నెచటనో దూరమున నుఱిమినట్లు మ్రోత యొకటి పుట్టి మెల్లగా పొరలి సాగిపోయెను. ఆమె మొగము వికసించెను. అంతలో కాగిన డప్పులు మరల మ్రోగెను. చెంపక్రింద డొక్క తటాలున బిగిసెను. లోపలి మ్రోత యణగిపోయెను.

"ఆగిపోయిందయ్యా!"

"ఔనమ్మా. తలనుండి కడుపునకు రెండు తెఱగుల నరములు పోవుచున్నవి. ఒకటి కడుపును నడిపించును, రెండవది నిలుపును. నిశ్చింతగా నున్నప్పుడు మొదటిదానిది పైచేయి, బెదరినప్పుడు రెండవదానిది. మేతను పేగులు తమంతట తామే ముందునకు త్రోయుటకు వానిలోనే నరముల వల యొకటి కలదు గాని, బెదురు దానినిగూడ నణచును. పులి తఱుముచుండ నెమరువేయు నెద్దుండునా? నా మందు కడుపును కదల్చుచున్నది; డప్పు నిలుపుచున్నది. ప్రొద్దు గ్రుంకులోపల నెమరు రానిచో డొక్క కోయవలయును. కోసినను బ్రతుకునని చెప్పజాలను."

పున్నయ్య యడ్డువచ్చెను. "వదినా, ఆపితే గాలి లోపలే ఉండిపోద్ది. రేపు ఎద్దు పడిపోతే ఊరంతా నిన్నే ఆడిపోసుకుంటారు. నా మాట విను."

నాంచారమ్మకు భర్త పోయిన దినము జ్ఞప్తికి వచ్చెను. బంధుజనము గుమిగూడి గుండెలు బాదుకొనుచున్నంతవఱకు ఆమె గొంతున గంజినీరైన దిగలేదు. అందఱును వెడలిన పిదప పున్నయ్య భార్య వచ్చి పలుకక ప్రక్కన కూర్చున్నప్పుడు గదా తొలిముద్ద దిగినది! ఇప్పుడును ముత్యము మేత మానినది మొదలు తన కడుపు రాయివలె బిగిసియున్న సంగతి యామెకు తోచెను.

"ఆపండి నాయనా," అని యామె డప్పువాండ్రతో ననెను. "పడితే నా ఎద్దే పడుద్ది. ఆ నింద కూడా నేనే పడతా. పున్నయ్యా, పగడాన్ని తోలుకురా."

పున్నయ్య గొణుగుకొనుచునే పోయి పగడమును తెచ్చెను. పొగ నార్పిరి, పలుపు సడలించిరి. పగడము ముత్యము మెడను నాకుచు నిలిచెను. నాంచారమ్మ పలుకక గాటిప్రక్కన కూర్చుండెను. పొయ్యిమీద వైద్యునికత్తులు మరుగునీట కదలుచున్న సవ్వడి తక్క వేఱు సవ్వడి లేదు. నీడలు సాగెను. ప్రొద్దు తాటితోపు వెనుకకు దిగెను. అనంతశయనముగారు కోతకై చేతులు కడుగుకొని లేచిరి. ఆమె కన్నులు మూసికొనెను.

"వదినా!" పున్నయ్య లోగొంతుకతో పిలిచెను. "చూడు... నెమరేస్తంది!"

ముత్యము మెడక్రిందనుండి చిన్న యుబ్బొకటి పైకి ప్రాకి నోటిలోనికి వచ్చెను. దవుడలు మెల్లగా నిటునటు కదలెను. మఱికొంతసేపటికి పేడయు పడెను. నాంచారమ్మ దాని గంగడోలుపై మొగముంచి యేడ్చెను, నవ్వెను. పిమ్మట కన్నులు తుడుచుకొని "మీ ఇంట్లో చద్దన్నమేమన్నా ఉందేమో చూడు పున్నయ్యా. ఆకలేస్తంది" అనెను.

భయము కాపున్న యింట వంట యుడికినను వడ్డన సాగదు. అనంతశయనముగారు తడియారని కత్తులను గుడ్డలో చుట్టుకొనుచుండిరి. ఫలితమెట్లగునో చూడగోరి గడపకడ నిలిచిపోయిన ముదుసలి డప్పుకాడు వంగి, ముత్యమువంక చూచుచు, తన డప్పును ఱొమ్మున కదుముకొని, చప్పుడు కానీయక నేలపై దించెను.