కొండవాళ్ళ పాట

"ఆ ముగ్గురూ మా పనివాళ్ళే కాదు. దారిన పోతూ రాళ్ళకింద పడ్డారు."

క్వారీ గేటు దగ్గర పోలీసులతో కాంట్రాక్టరు అన్న మాట అది. వింటున్న రెండొందలమందిలో పాటలమ్మ కూడా ఉంది. తలమీది గంపలో రాళ్ళు అలాగే ఉన్నాయి. దించే ఓపిక కూడా లేదామెకి.

ఆ కొండమీద ఎవరు కన్నుమూసినా, ఏం పని చేశారో, ఎలా పోయారో చెబుతూ ఓ చరణం కట్టడం ఆమె ఇంటివాళ్ళకి తరాలుగా వస్తోంది. తండ్రి ఆమెకి నేర్పాడు. బయటివాళ్ళకి నేర్పకూడదని ఒట్టేయించుకున్నాడు. ఇప్పుడు ఆ కొండలో సగం కంకరైపోయింది. దుమ్ము ఆమె గొంతు తినేసింది. ఒక్క చరణం ఎత్తుకుంటే దగ్గుతో మెలికలు తిరిగిపోతుంది.

సాయంత్రం రేకుల షెడ్డులో అందరూ కూడారు. చనిపోయిన డ్రిల్లు మేస్త్రీ పెళ్ళాం ఏడవట్లేదు, మండిపడుతోంది.

"మా ఆయన ఇక్కడ పనే చెయ్యలేదంట! మరి పదేళ్ళు రోజూ ఎక్కడికెళ్ళొచ్చాడు? ఎల్లుండి పెద్దాఫీసర్లు వస్తున్నారు. నువ్వు పాడు అత్తా."

"కడతానే. పాడ్డానికి గొంతేదీ?"

"మాకు నేర్పు."

పాటలమ్మ తమ్ముడు దిగ్గున లేచాడు. "కుదరదు. అది మా ఇంటి పాట. నాన్న ఏమన్నాడో మర్చిపోయావా అక్కా?"

"నాన్న ఉన్నప్పుడు కొండ కూడా ఉందిరా," అంది పాటలమ్మ.

తమ్ముడు విసురుగా వెళ్ళిపోయాడు. ఆమె ఆపలేదు. గోడకి జారగిలబడి, ముగ్గురూ ఎక్కడ నిలబడ్డారో, కొండకి బీటలు చూసి మేస్త్రీ వద్దన్నా డ్రిల్లు పెట్టమన్నదెవరో అందర్నీ అడిగి తెలుసుకుంది. ముగ్గురికీ మూడు చరణాలు కట్టి, రెండ్రోజులు రాళ్ళు కొడుతూ, నీళ్ళ వరసలో నిలబడి అందరికీ నేర్పింది. లారీ డ్రైవరు అందుకోగానే తల పట్టుకుంది.

"పాడమన్నాను నాయనా, లారీ వెనక్కి తియ్యమనలేదు."

రెండ్రోజుల్లో అదొక్కటే నవ్వు.

ఆఫీసర్లొచ్చారు. "మా పనివాళ్ళెవరూ చావలేదు సార్," అన్నాడు కాంట్రాక్టరు. మేస్త్రీ పెళ్ళాం గొంతెత్తింది. రెండొందలమందీ పని ఆపి రాళ్ళమీదే కూర్చుని అందుకున్నారు. శ్రుతి లేదు, తాళం లేదు. చచ్చినవాళ్ళ పేర్లు మాత్రం ఒక్కటీ తప్పలేదు. డ్రిల్లు పెట్టమన్న సూపర్‌వైజరు పేరు కూడా.

కాంట్రాక్టరు వేలు పాటలమ్మ వైపు తిరిగింది. గంట తిరక్కుండా ఆమె స్టేషన్లో ఉంది.

"ఇక పాడనని రాసివ్వు, ఇంటికెళ్ళు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా గొంతు పోయి నెలలైంది బాబూ. నాతో రాయించుకుని ఏం చేస్తావు?"

ఇంతలో వీధిలోంచి పాట వినబడింది. జనం స్టేషన్ దాకా వచ్చేశారు. ముందు వినబడుతున్న గొంతు తమ్ముడిది. వాడు ఎత్తుకుంటుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. మూడు చరణాలూ అయిపోయాయి. పాట ఆగలేదు. బీటలువారిన కొండకింద ఇక అడుగుపెట్టేది లేదని నాలుగో చరణం మొదలైంది.

"ఇది కూడా నువ్వే కట్టావా?"

పాటలమ్మ చెవి ఒగ్గి వింది. రెండో పాదంలో మాట ఒకటి ఎక్కువైంది. అయినా బాగుంది.

"నేను కాదు బాబూ," అంది కళ్ళు మూసుకుంటూ. "ఎవరు కట్టారో నాకూ తెలీదు."