ఒక్కరుంటే బండి తీసేత్తాను

శ్రీరామ్మూర్తి పోయి పదకొండు నెలలైంది. మనిషైతే పోయాడు గాని గొంతు పోలేదు, పొమ్మన్నా పోయేలా లేదు.

"ఒక్కరు... ఒక్కరే ఒక్కరు... ఒక్కరుంటే బండి తీసేత్తాను, రండమ్మా రండి!"

తగరపువలస జంక్షన్‌లో సర్వీసు ఆటో పెట్టుకుని, మధురవాడ వెళ్లేవాళ్ల కోసం ఇరవై రెండేళ్లు ఆయన ఇలాగే పిలిచాడు. పోవడానికి కొన్ని నెలల ముందు జయంత్ అనే ఇంజినీరింగ్ విద్యార్థి ఆ పిలుపును ఫోన్‌లో తీసి రీల్‌గా పెట్టాడు. జనానికి నవ్వొస్తే చాలు, ఎవరిదీ ఏమిటీ అని అడుగుతారా? తలా ఒకరు ఆ గొంతు పట్టుకుపోయారు. నిండిన అట్టపెట్టెలోకి దూరే పిల్లికి ఆ గొంతే. ఒకే బైకు మీద ఐదుగురికి ఆ గొంతే. పెళ్లి భోజనాల దగ్గర కుర్చీ వెనకాల కాపలా కాసేవాళ్లకీ ఆ గొంతే. ఎవడో మహానుభావుడు శవాల బండికి కూడా తగిలించాడు. దాని కింద నవ్వు బొమ్మలు నలభై వేలు.

కూతురు సత్యశ్రీ కొమ్మాదిలో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో రిసెప్షనిస్టు. పరగడుపున వచ్చినవాళ్లు ఏం చేస్తారు, ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. తండ్రి దినకార్యాలు అయ్యాక ఆమె డ్యూటీలో చేరిన మొదటి రోజే, మూడో వరస కుర్చీల్లోంచి నాన్న పిలిచాడు. రాస్తున్న పేరు సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత టిఫిన్ కొట్టులో పిలిచాడు, లిఫ్టులో పిలిచాడు, ఆమె ఎక్కిన ఆటోలోనే ముందు సీటులోంచి పిలిచాడు. ఎవరికీ చెప్పుకోలేదు గాని ఆమెకి భయం వేసేది. ఉత్త భయమే. విన్న ప్రతిసారీ ఆ ఖాళీ సీటు ఎవరి కోసమా అనిపించేది.

ఎవరి కోసమో ఇంట్లోనే తెలిసింది.

తల్లి నారాయణమ్మ భర్త పోయినప్పుడు కన్నీటి చుక్క రాల్చలేదు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఒకరోజు పక్కింటి రాణి గుమ్మంలో కూర్చుని రీల్స్ చూసుకుంటుంటే, నారాయణమ్మ గబగబా చీర మార్చుకుని, సంచి చేతపట్టుకుని, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికమ్మా?" అంది సత్యశ్రీ.

"మీ నాన్న పిలుత్తన్నాడు. ఒక్క సీటే ఉన్నాదంట. ఆలీసమైతే ఎవులో ఎక్కీత్తారు."

ఆ రోజు చెయ్యి పట్టుకుని ఆపగలిగింది. రెండోసారి సత్యశ్రీ డ్యూటీలో ఉంది. హైవే మీద పోతున్న ఏదో ఆటోలో, ఎవరి ఫోన్‌లోనో ఆ గొంతు వినిపిస్తే, నారాయణమ్మ దాని వెంట రోడ్డు మధ్యకి వెళ్లిపోయింది. లారీ బ్రేకులు కీచుమన్నాయి. టీ కొట్టు దేవీప్రసాద్ పరుగెత్తి లాక్కురాకపోతే ఆ పూటే అయిపోయేది.

ఇక ఆ గొంతు ఆగాలి. ఆగకపోతే అమ్మ దక్కదు.

నాన్న గొంతు కాబట్టి మాదేగా అనుకుని సత్యశ్రీ ఆ యాప్‌ వాళ్లకి కాపీరైట్ ఫిర్యాదు పెట్టింది. మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్, రేషన్ కార్డు, ఇంటిల్లిపాదీ కలిసి దిగిన ఫోటో అన్నీ జత చేసింది, పింఛను కాగితాలు పెట్టినట్టు. రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది. ఈ వీడియో తీసింది మీరేనా? కాకపోతే తీసినవారే ఫిర్యాదు చేయాలి. అంతే. ఇరవై రెండేళ్లు అరిచిన గొంతుకి కన్నకూతురు ఏమీ కాదు, ఇరవై సెకన్లు ఫోన్ పట్టుకున్నవాడు సొంతదారు!

జయంత్ ఇప్పుడు మధురవాడలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసు కిందే దొరికాడు.

"నాను దొంగతనంగా తియ్యనేదక్కా," అన్నాడు కంగారుగా. "బాబాయ్‌ని అడిగే తీసాను. 'తీసుకోరా, గొంతేటి అరిగిపోద్దా' అన్నాడు."

ఆ మాట నాన్నదేనని సత్యశ్రీకి వినగానే తెలిసిపోయింది. అందుకే కోపం ఇంకా పెరిగింది.

"నీకిచ్చాడు సరే. ఊరందరికీ పంచమన్నాడేటి?"

అతను తల దించుకున్నాడు. "ఎవులైనా వాడుకోవచ్చని నానే నొక్కేసాను. నా పేరు మీద లచ్చలమంది సూసింది ఇదొక్కటేనక్కా."

"మా అమ్మ లారీల కిందకి ఎల్లిపోతంది, తమ్ముడూ."

అతను పాత లాప్‌టాప్‌లోంచి అసలు వీడియో తీసి రుజువుగా పెట్టి, తన రీల్ తీసేసి, తన పేరుతోనే ఫిర్యాదు చేశాడు. దాన్ని దించుకుని మళ్లీ పెట్టుకున్న నకళ్లు వందలున్నాయి. రెండు ఆదివారాలు ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటీ వెతికారు. అదేనో కాదో తెలియాలంటే వినాలి. నాన్నని నోరు మూయించడానికి సత్యశ్రీ ఆ రెండు రోజుల్లో ఆయన పిలుపు మూడువందల సార్లు విన్నది.

ఒక గురువారం అన్నీ ఆగిపోయాయి. పిల్లి అట్టపెట్టెలోకి దూరుతూనే ఉంది, చప్పుడు లేదు. 'హక్కుదారు ఫిర్యాదు మేరకు ఈ ఆడియో తొలగించబడింది' అని కింద చిన్న అక్షరాలు. సత్యశ్రీ చాలా నెలల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

పది రోజులు గడిచాక, ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నారాయణమ్మ చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని, ఒళ్లో సంచి పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికీ నేదు." నారాయణమ్మ నింపాదిగా చెప్పింది. "మీ నాన్న సచ్చిపోనాడని నాకు తెల్దనుకున్నావేటే? తెలుసు. గాని పిలుత్తన్నాడంటే బండి ఇంకా స్టాండ్లోనే ఉన్నాదన్నమాట. నాకోసరం ఒక్క సీటు ఉంచాడనుకున్నాను. పది దినాలైపోనాది, పిలుపు నేదు."

ఒళ్లోని సంచి తీసి కింద పెట్టింది.

"నన్నొగ్గీసి ఎల్లిపోనాడే."

అప్పుడు ఏడ్చింది. పదకొండు నెలల ఏడుపు, రాగం తీసి, ఒక్క నిమిషం ఆగితే నీ సొమ్మేం పోయేదయ్యా అని ఆయన్ని తిడుతూ.

సత్యశ్రీ చేతిలో ఫోన్ ఉంది. జయంత్ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే గొంతు తిరిగొస్తుంది. దాంతోపాటే హైవే, లారీలు. ఆమె ఫోన్ ఆపేసింది. చప్పుడుకి రాణి కిటికీ దగ్గరికొచ్చింది, చేతిలో ఫోనుతో. వీడియో తీయడానికో, ఊరికేనో. సత్యశ్రీ లేచి ఆమె మొహం మీదే కిటికీ తలుపు మూసి గడియ పెట్టింది.

తిరిగొచ్చి అమ్మ పక్కన కూర్చుంది. బండిని పంపించేసింది తనేనన్న మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు.