ఎనిమిదో పీరియడ్

డ్రాయింగ్ మాస్టారు పాత ప్రశ్నపత్రాన్ని నిలువుగా మడిచి, మళ్లీ అడ్డంగా మడిచి, మడత మీద స్కేలు ఆనించి సర్రున చించాడు. ఒక్కో కాగితానికి నాలుగు చీటీలు. చిరిగిన అంచుని బొటనవేలితో సవరించి, నాలుగింటినీ మోచేతి కింద పెట్టుకుని ఇంకో కాగితం అందుకున్నాడు. మొదటి గంటకి ఇంకా ఇరవై నిమిషాలుంది. స్టాఫ్ రూములో ఆయన తప్ప ఎవరూ లేరు. తడిసిన గొడుగొకటి మూల నిలబడి నీళ్లు కారుస్తోంది.

ఎదురుగా సెలవు ఉత్తరాలున్నాయి. ఇవాళ నలుగురు రావడం లేదు. ఇద్దరు శిక్షణకి వెళ్లారు. ఇంగ్లీషు మాస్టారికి జ్వరం. సైన్సు టీచరు మాత్రం తెల్లవారుజామున తనకి మనవరాలు పుట్టిందనీ, కాలు నేల మీద నిలవడం లేదనీ, అలాంటి మనిషి యాసిడ్ సీసాల మధ్య తిరగడం పిల్లలకి క్షేమం కాదనీ రాసి పంపింది. మాస్టారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, తనలో తను నవ్వుకుని, నీలం పెన్సిలు చెక్కుకున్నాడు.

ఇరవై ఆరేళ్లుగా ఈ పని ఆయనదే. ఎవరైనా బడికి రాకపోతే, ఆ గంట ఖాళీగా ఉన్న ఇంకొకరిని వెతికి, చీటీ రాసి, సంతకం పెట్టించుకుని ఆ తరగతికి పంపాలి. దాన్ని సర్దుబాటు అంటారు. అప్పటి హెడ్మాస్టరు "మీది డ్రాయింగేగా, తీరికే తీరిక" అంటూ ఒక్క నెల కోసమని ఒప్పజెప్పాడు. ఆ హెడ్మాస్టరు వెళ్లిపోయాడు. తర్వాత ముగ్గురు వచ్చి వెళ్లారు. ఆ నెల మాత్రం ఇంకా అవలేదు.

టీచర్లకి ఖాళీ పీరియడ్ అంటే ప్రాణం. టీ తాగాలి, పరీక్ష కాగితాలు దిద్దాలి, కాసేపు చెప్పుల్లోంచి కాళ్లు తీసి చాపుకోవాలి. సరిగ్గా ఆ వేళకి ఈయన చీటీలతో గుమ్మంలో కనబడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. చరిత్ర మాస్టారు పటాల గదిలోకి పిల్లిలా జారుకుంటాడు. లెక్కల టీచరు ఉన్నట్టుండి ఫోను చెవికి ఆనించి, "ఆఁ, చెప్పు, చెప్పు" అంటుంది.

"ఫోను తలకిందులుగా పట్టుకున్నారమ్మా," అని చీటీ ఆమె పుస్తకం మీద పెట్టి వెళ్లిపోతాడు ఈయన.

ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. చీటీ రాసేటప్పుడు ఆయన తరగతి కంటే ముందు మనిషిని చూస్తాడు. లెక్కల టీచరుకి నెలలు నిండుతున్నప్పుడు మూడు నెలలపాటు ఆమెకి మేడ మీది తరగతి ఒక్కటీ పడలేదు. తన అదృష్టం బాగుందనుకుంది ఆమె. తల్లి పోయాక చరిత్ర మాస్టారు తిరిగి బడికి వచ్చినప్పుడు, ఆయన సర్దుబాటు పీరియడ్లన్నీ నెల్లాళ్లపాటు ఆరో తరగతికే పడ్డాయి. ఆ పిల్లలు మనిషిని తీరిగ్గా దిగులుపడనివ్వరు. పెన్సిలు చెక్కిపెట్టమంటారు. పన్ను ఊడిందని తెచ్చి అరచేతిలో పెడతారు. చీటీ అడుగున మాస్టారు ఒక ముక్క కూడా రాస్తాడు. "8ఎ: భోజనమయ్యాక తూగుతారు, నిలబెట్టి చదివించండి." "6బి: కథ చెబితే చాలు."

ఈ బడిలో ఆయనకి ఇవాళే ఆఖరి రోజు. నెలాఖరు ఆదివారం పడింది, శనివారం సెలవు. కాబట్టి ఉద్యోగం శుక్రవారంతోనే అయిపోతోంది. చివరి రెండు పీరియడ్లలో వీడ్కోలు సభ పెడదామని అందరూ అనుకుంటే ఆయనే అడ్డం పడ్డాడు. తొమ్మిదో తరగతి అమ్మాయిల ఫుట్‌బాల్ ఫైనలు, ఎ సెక్షనుకీ బి సెక్షనుకీ జరగాల్సింది, వానల వల్ల ఇప్పటికి రెండుసార్లు ఆగిపోయింది. సోమవారం నుంచి పరీక్షలు. ఇవాళ ఎనిమిదో పీరియడ్‌లో ఆడకపోతే ఈ ఏడాదికి ఇక లేనట్టే. పెద్ద మేడమ్, అంటే హెడ్మిస్ట్రెస్, పెట్టిన షరతు ఒక్కటే. మిగిలిన ప్రతి తరగతిలోనూ ఒక టీచరు ఉండాలి. ఒక్క గది ఖాళీగా కనబడినా ఆట లేదు.

ఆయనకి ఇంకో కోరిక కూడా ఉంది. అది భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లలో ఆయన తరగతులు సర్ది జరిపించిన ఆటలు వందకి పైనే. ఒక్కటీ చూడలేదు. ప్రతిసారీ చివర్న ఒక తరగతి మిగిలిపోతుంది, దాన్లోకి తనే వెళతాడు. ఆటలన్నీ చెవులతోనే చూశాడు. ఒక్కసారిగా పేలిన అరుపైతే గోల్. పైకి లేచి, మధ్యలో విరిగి, "అబ్బా" అని చల్లారితే తప్పిపోయినట్టు. సాయంత్రం ఇంటికెళ్లి ఆట మొత్తం భార్యకి చెబుతాడు.

పొద్దున ఆయన చొక్కా కాలరు సరిచేస్తూ ఆమె అంది:

"ఇవాళైనా కళ్లతో చూసి రండి."

"మనుషులు చాలాలి కదా."

"చాలకపోతే మీ పెద్ద మేడమ్‌ని పంపండి తరగతికి. ఆవిడా టీచరేగా?"

ఆయన నవ్వి చెప్పులేసుకున్నాడు.

ఏడో పీరియడ్ దాకా ఎలాగో లాక్కొచ్చాడు. భోజనాల వేళ ఎనిమిదోది లెక్క చూసేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. ఆడే రెండు సెక్షన్లూ ఆటల టీచరుతో మైదానంలో ఉంటాయి. మిగిలినవి ఎనిమిది తరగతులు. తనతో కలిపి మనుషులు ఏడుగురు.

ఆటల టీచరు గుమ్మంలోంచి తొంగిచూసింది. వెనకాల అమ్మాయిలు ఒకళ్ల భుజాల మీద ఒకళ్లు తలలు పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"మాస్టారూ, వలలు కట్టమంటారా, వద్దా?"

ఆయన ఆ మొహాలకేసి చూశాడు.

"కట్టించమ్మా," అన్నాడు.

"రెండు తరగతులు ఒకే గదిలో కలిపేయండి, గొడవ వదిలిపోతుంది," అన్నాడు చరిత్ర మాస్టారు డబ్బా మూత పెడుతూ.

"అది సర్దడం అనిపించుకోదయ్యా, కుక్కడం. పెట్టెలో బట్టలా వాళ్లు?"

"ఆఖరి రోజు కూడా పట్టింపులేనా? ఇవాళ మీ చీటీ వద్దనేవాళ్లెవరూ లేరు, చూడండి, నేను పటాల గదిలో కూడా దాక్కోలేదు."

"అదే నాకు భయంగా ఉంది," అన్నాడు మాస్టారు. భార్య మాట గుర్తొచ్చింది. నీలం పెన్సిలు తీసి, ఒక చీటీ రాసి, దాన్ని పట్టుకుని పెద్ద మేడమ్ గదిలోకి వెళ్లాడు.

ఆమె ఒకప్పుడు భూగోళం చెప్పేది. ఆరేళ్లుగా ఈ గదిలో ఫైళ్ల మధ్యే ఉంది. చీటీని ఆమె ముందున్న ఫైలు మీద పెట్టాడు.

"ఏమిటిది?"

"చీటీ, మేడమ్."

"కనబడుతోంది. ఎవరికి?"

"మీకే."

పక్క బల్ల దగ్గర టైపు కొడుతున్న గుమాస్తా చేతులు ఆగిపోయాయి. ఆమె చీటీ ఎత్తి చదివింది. "8వ పీరియడ్. 7బి. వెనక గోడకి ప్రపంచ పటం ఉంది. వంకర ప్రశ్నలు వేస్తారు, వేయనివ్వండి."

"నేను పాఠం చెప్పి ఆరేళ్లయింది మాస్టారూ."

"పిల్లలకి ఆ సంగతి తెలియదు కదా మేడమ్."

"నేను వెళ్లనంటే?"

"షరతు మీదే. ఆట ఉండదు."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకోవడానికి అలా చేస్తుందని గుమాస్తాకి తెలుసు. సంతకం పెట్టి, "మిగతావి చూపించండి" అంది. చీటీలు ఒక్కొక్కటే తిరగేసింది. చివరిదాని మీద ఆయన పేరే ఉంది, 6బికి. ఆమె ఆయనకేసి ఒకసారి చూసింది. కట్ట తిరిగి ఇచ్చేసింది.

6బి కింది అంతస్తులో చివరి గది. కిటికీలోంచి ప్రహరీ గోడ తప్ప ఏమీ కనబడదు. ఎనిమిదో గంట కొట్టగానే మాస్టారు అందులో అడుగుపెట్టాడు. నలభై గొంతులు ఒక్కసారి లేచాయి.

"బొమ్మ, మాస్టారూ, బొమ్మ!"

"ఏం బొమ్మ?"

ఏనుగన్నారు, రైలన్నారు, రాక్షసుడన్నారు. ఒక పిల్ల తన చెల్లెల్ని వెయ్యమంది.

"అయితే ఒక పని చేద్దాం. ఒక్కొక్కరూ వచ్చి ఒకటే గీత గీయండి. ఏది వస్తే అదే మన బొమ్మ."

మొదటి పిల్ల అడ్డంగా పొడుగాటి గీత గీసింది. రెండోవాడు నిలువు గీత. పదోవాడు వచ్చేసరికి అది బస్సని తేలిపోయింది. రైలు కావాలన్నవాడు ఒళ్లు మండి వెనకాల తోక తగిలించాడు.

"బస్సుకి తోకేంట్రా?"

"నా గీత మాస్టారూ. నా ఇష్టం."

న్యాయమే అనిపించింది ఆయనకి. బయట మైదానం వైపు నుంచి ఒక అరుపు లేచి, విరిగి, చల్లారింది. మాస్టారు సుద్దముక్క పట్టుకుని చెవులు రిక్కించాడు. తప్పిపోయింది, అనుకున్నాడు. మేడ మీద 7బి మొదట చడీచప్పుడు లేకుండా ఉంది. కాసేపటికి కప్పు ఎగిరిపోయేలా నవ్వులు వినబడ్డాయి. బతికాం, అనుకున్నాడు. ఇంకాసేపటికి మెట్ల మీద ఉరుములాంటి చప్పుడు దిగింది.

గుమ్మంలో పెద్ద మేడమ్. చెంపకి సుద్ద అంటుకుంది. ఆమె వెనక 7బి మొత్తం, చంకలో చుట్టిన ప్రపంచ పటంతో సహా.

"జరగండి, జరగండి. ముగ్గురు కూర్చునే చోట ఆరుగురు. ఏం, ఊపిరాడడం లేదా? వంతులవారీగా పీల్చండి."

"మేడమ్, ఇది..."

"కుక్కడమే. తెలుసు. నేనే కుక్కుతున్నాను." ఆమె ఒక చీటీ ఆయన చేతిలో పెట్టింది. చేత్తోనే చించినట్టుంది, అంచు వంకరటింకరగా ఉంది. దాని మీద రాసి ఉంది: "8వ పీరియడ్. మైదానం. పని: ఆఖరిదాకా చూడటం."

"ఇన్నేళ్లూ అందరి చేతా పెట్టించుకున్నారు. మీరూ పెట్టండి సంతకం," అంది ఆమె.

పిల్లవాడి వీపు బల్లగా చేసుకుని ఆయన సంతకం పెట్టాడు. తన పేరు అంత చిన్నదని ఎప్పుడూ అనిపించలేదు.

మైదానంలో ఎండ కాస్తోంది, పొద్దుటి వాన గుంటల్లో మెరుస్తోంది. అరుగు మీద కాలికి కట్టుతో కూర్చున్న అమ్మాయి పక్కన చోటు దొరికింది.

"మాస్టారూ, అటు కాదు, బంతి ఇటుంది."

ఆయన ఇటు తిరిగాడు. అంతలోనే బంతి అటు పోయింది. అందరూ ఒక్కసారిగా గట్టిగా అరిచారు.

"గోలా?"

"కాదు, మాస్టారూ. ఒకమ్మాయి బూటు ఎగిరిపోయింది."

"బూటు ఎగిరితే కూడా ఇలాగే అరుస్తారా?"

"ఇంకా గట్టిగా అరుస్తారు."

మాస్టారు ఆలోచనలో పడ్డాడు. ఇన్నేళ్లూ భార్యకి చెప్పిన గోల్స్‌లో ఎన్ని బూట్లో ఏమో.

అయిదు నిమిషాలు మిగిలాయనగా బి సెక్షను పొడుగమ్మాయి బంతి వెనక పరుగెత్తి, బురదలో కాలు జారి, కూలబడింది. ఎవరో తన్నిన బంతి వచ్చి ఆమె మోకాలికి తగిలి, తాపీగా దొర్లుకుంటూ వెళ్లి వలలో పడింది. ఆమె బురదలో కూర్చునే "ఏమైంది? ఏమైంది?" అంటోంది. అందరూ వచ్చి మీద పడుతున్నారు. అరుస్తున్నది ఎవరా అని మాస్టారు చూసుకుంటే తనే. చేతులు రెండూ గాల్లో ఉన్నాయి, గొంతు బొంగురుపోయింది.

"మాస్టారూ," అంది కట్టు ఉన్న అమ్మాయి, "మాది ఎ సెక్షను."

"అయ్యో, తప్పయిపోయింది తల్లీ."

"పర్లేదులెండి. బాగా పడింది కదా."

చివరి ఈల దాకా ఆయన అక్కడే కూర్చున్నాడు. గంట కొట్టారు. పిల్లలు గదుల్లోంచి వరదలా వచ్చారు. ఆ వరదలో ఆయన కూడా గేటు దాటేశాడు, వెనక్కి తిరిగి చూసే తీరిక ఎవరూ ఇవ్వలేదు. రోడ్డు అవతల భార్య నిలబడి ఉంది.

"చూశారా?"

"చూశాను. మోకాలితో వేసింది."

"మళ్లీ కథలా?"

"కళ్లతో చూశానంటే! అయితే ఒక మాట చెప్పాలి. ఇదివరకు నీకు చెప్పినవాటిలో సగం బూట్లు."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన వివరిస్తూ నడిచాడు. సందు మలుపు తిరిగేదాకా ఆమె నవ్వు వినబడుతూనే ఉంది.

సోమవారం పొద్దున పరీక్షకి వరుస నంబర్లు రాయడానికి లెక్కల టీచరు డస్టరు పట్టుకుని 6బిలోకి వచ్చింది. బోర్డు ముందు కాసేపు నిలబడింది. నంబర్లు తలుపు మీద అంటించవచ్చులే అనుకుని డస్టరు కిటికీలో పెట్టేసింది. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకి, రెండు తరగతులూ కలిసి గీసిన ఎనభై గీతల బస్సు అలాగే ఉంది: అయిదు చక్రాలు, రెండు చెవులు, ఒక తోక, కిటికీల నిండా తలకాయలు, చక్రాల కింద ఎవరో పెద్దవాళ్లు గీసినట్టు నిదానంగా సాగిన రోడ్డు.