పదహారుమందికి తోడు నలుగురు

ఢిల్లీ ద్వారకలో మెట్రో ఎక్కి భానుమతి నోయిడా ఆఫీసుకి చేరేసరికి, సర్వర్ గది బయట బల్ల మీద పదహారుమంది కూర్చుని ఉంటారు. ఆవిడ రాసిన ప్రోగ్రాంలో పనివాళ్లు వాళ్లు. నీలం చొక్కాలు, నోట్లో మాట ఉండదు. ఊడ్చే దీదీ "పైర్ ఉఠాఓ" అంటే పదహారు జతల కాళ్లు లేస్తాయి.

సర్కారు కొలువుల పరీక్షకి ఎవరైనా వెబ్‌సైట్లో దరఖాస్తు పంపితే, ఒకడు దాన్ని పట్టుకుని లోపలికెళ్తాడు. ముందు ఫొటోల బీరువా తాళంచెవి తీసుకోవాలి, తర్వాత రిజిస్టరుది. పనయ్యాక రసీదు తేవాలి. ఈ వరస నేర్పడానికి భానుమతికి ఆర్నెల్లు పట్టింది.

ఇవాళ ఆఖరి రోజు. సాయంత్రం ఆరింటికి గడువు. రద్దీగా ఉందని మేనేజరు భరద్వాజ్ ఒక్క మాటైనా అడక్కుండా ఇంకో నలుగుర్ని దింపాడు. వరస తెలియని శుంఠలు! మంది ఎక్కువైతే మజ్జిగ పల్చనని ఊరికే అన్నారా? ఐదున్నరకి మొత్తం ఆగిపోయింది.

భానుమతి లోపలికి పరిగెత్తింది. పాతవాడొకడు ఫొటోల తాళంచెవి పట్టుకుని రిజిస్టరుది కావాలని నిలబడ్డాడు. కొత్తవాడొకడు రిజిస్టరు తాళంచెవి పట్టుకుని ఫొటోలది కావాలని నిలబడ్డాడు. వెనకాల పద్దెనిమిదిమంది.

"మీ మొహాలు మండ! ఎవరో ఒకరు వదలండ్రా!"

ఇద్దరూ తాళంచెవులు ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"ఒకడ్ని పంపించెయ్ యార్," అన్నాడు భరద్వాజ్ గుమ్మంలోంచి.

"వాడి చేతిలో దరఖాస్తు పోతుంది కదండీ!"

"ఒక్కటే కదా? బయట వేలమంది ఆగున్నారు."

కొత్తవాడి చేతిలోది లక్ష్మీ నగర్ హాస్టల్ పిల్లది, శ్రుతి అట. పాతవాడి చేతిలోది చూసి, భానుమతి మళ్లీ చూసింది. అది తనదే. కరోల్ బాగ్‌ కోచింగు సెంటర్లో మూడేళ్లు చదివి, రెండుసార్లు తప్పి, ఈ ఏడు దాటితే వయసు మించిపోతుందని ఇందాకే సీట్లో కూర్చుని గుట్టుగా పంపింది. ఆఖరి రోజుదాకా నాన్చినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

కొత్తవాణ్ణి పంపేస్తే ఎవరికీ తెలీదు. ఫొటోలో ఆ పిల్ల జడైనా సరిగ్గా వేసుకోలేదు.

"ఖర్మ! నువ్వెళ్లు నాయనా," అంది పాతవాడితో.

వాడు తాళంచెవి కొత్తవాడి చేతిలో పెట్టి, దరఖాస్తు జేబులో దోపుకుని నడిచాడు. వరస కదిలింది. పంపేసినవాడు తిరిగొచ్చింది ఇంతవరకూ లేదు.

ఆరింటికి గడువు మూసి, అందర్నీ తిట్టుకుంటూ భానుమతి బయటికొచ్చింది. బల్ల మీద ఆ పాతవాడొక్కడే కూర్చుని ఉన్నాడు.

"యే ఫిర్ సే లైన్ మే లగ్ గయా థా," అంది దీదీ, వాడు మళ్లీ వెనక్కెళ్లి వరసలో నిలబడ్డాడని.

వాడు రసీదు చాపాడు. భానుమతి పేరు, ఐదూ యాభైతొమ్మిది.

"వెధవా, చెప్పి చావొచ్చు కదరా!" అంటూ వాడి పక్కన కూలబడి కళ్లు తుడుచుకుంది.

"పైర్ ఉఠాఓ," అంది దీదీ. ఇద్దరూ కాళ్లెత్తారు.