కాలరు వెనక కాగితం

కత్తెర మూసుకుంది. మళ్లీ తెరుచుకోలేదు.

బల్ల మీద నాలుగు మడతల నీలం గుడ్డ, దాని మీద సుద్దగీత. గీత సగం దాకా వచ్చిన కత్తెర అక్కడే నోరు మూసుకుని కూర్చుంది. కత్తెరమ్మ బొటనవేలు పైకెత్తబోయింది. వేలు మాట వినలేదు. నొప్పి పెద్దగా లేదు. అంతకుముందు మణికట్టు దగ్గర, దారం పుటుక్కున తెగినట్టు ఏదో అనిపించింది, అంతే. ఎడమచేత్తో వేలిని లేపి చూసింది. వదలగానే వాడిపోయిన కాడలా వాలిపోయింది.

ఇరవై రెండేళ్లుగా ఆ యూనిఫారాల షాపులో గుడ్డ కోసేది ఆమే. అసలు పేరేమిటంటే సొంత తమ్ముడు కూడా ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ కత్తెర ఆమెదే, ఎవరూ ముట్టుకోరు. ఒక చేతికి మరిగిన కత్తెర పరాయి చేతిలో గుడ్డని కొరుకుతుందే తప్ప కోయదని ఆమె నమ్మకం. రెండుసార్లు కొలిచి ఒకసారి కోయాలన్నది ఆమె పెట్టిన రూలు. కొత్తగా వచ్చిన ప్రతి ఆడపిల్లకీ మొదటిరోజే ఈ మాట చెప్పి, రెండోరోజు అప్పజెప్పించుకునేది.

బడులు తెరిచే ముందు నాలుగు నెలలూ షాపుకి ఊపిరాడదు. ఈ ఏడాది సరిగ్గా ఆ సీజను మొదట్లోనే ఆమె బొటనవేలి మొదలు వాచింది. ఆ షాపులోనే సూపర్వైజరుగా ఉన్న తమ్ముడు ఆటో పిలిచి, ఓనరుకి తెలిసిన క్లినిక్కుకి తీసుకెళ్లాడు. డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని తమ్ముడితో మాట్లాడాడు. ఏం పని చేస్తుందని తమ్ముణ్ణి అడిగాడు. షుగరుందా అని మాత్రం ఎవరినీ అడగలేదు. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడ్డ పిల్లలా ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది. అడిగితే అడ్డమొచ్చినట్టు అవుతుందేమోనని అడగలేదు. కీలు దగ్గర ఒక పోటు, దూది, అయిపోయింది. బయటికొచ్చేటప్పుడు తమ్ముడి చేతిలో ఏదో కాగితం ఉన్నట్టు లీలగా గుర్తు.

మర్నాటికి నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. డాక్టర్ని నెత్తిన పెట్టుకుంది. ఇంజెక్షన్ వేయించుకున్న మధ్యాహ్నమే బల్ల దగ్గర నిలబడిందని, అంతటి మనిషినని, అందరికీ చెప్పుకుంది. ఆరు వారాలకు నొప్పి తిరిగొచ్చింది. రెండో ఇంజెక్షన్. నెల తిరక్కుండా మూడోది.

మూడోదాని తర్వాత వేలి మొదట్లో రూపాయి బిళ్లంత తెల్లమచ్చ పడింది. షాపులో ఎవరి కంటికీ అది మచ్చలా కనపడలేదు. కోసేవాళ్ల చేతికి సుద్ద అంటకుండా ఉంటుందా? గుండీలు కుట్టే ఆవిడ రోజూ ఎగతాళి చేసేది.

"చెయ్యి కడుక్కుని పో కత్తెరమ్మా. ఆ గుర్తు చూసి ఎవరన్నా నీ చెయ్యే కోసేస్తారు."

అందరితో పాటు ఆమే గట్టిగా నవ్వింది. ఇంటికెళ్లి సబ్బు పెట్టి రుద్దింది. పోలేదు. ఇన్నేళ్ల సుద్ద చర్మం లోపలికి దిగిందేమో అనుకుంది. ఆ రోజుల్లోనే చెంబులకొద్దీ నీళ్లు తాగింది, నాలుక పిడచగట్టుకుపోయేది. ఇస్త్రీ పెట్టెల వేడి అనుకుంది. తెలియని ప్రతిదానికీ తెలిసిన పేరొకటి పెట్టేసి, ఇక దానివైపు చూడకపోవడం ఆమెకు అలవాటు.

వేలు వాలిపోయాక వెళ్లిన పెద్దాసుపత్రిలో చేతుల డాక్టరమ్మ వేలిని అటూ ఇటూ వంచి చూసింది. ఎన్ని, ఎన్నాళ్లకొకటి, తర్వాత ఎన్నిరోజులు విశ్రాంతి అని ఆమెనే అడిగింది. తననే అడుగుతోందని అర్థమయ్యాక కత్తెరమ్మ ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పింది. షుగరు పరీక్ష చేస్తే బాగా ఎక్కువగా ఉంది, ఆ ఇంజెక్షన్లలోని స్టీరాయిడ్ దాన్ని ఇంకా పెంచిందంది.

"మందు చెడ్డది కాదమ్మా," అంది డాక్టరమ్మ. "అవసరం చూసి, ఎడం ఇచ్చి, చేతికి విశ్రాంతినిస్తే చాలామందికి మేలే చేస్తుంది. ఒకేచోట ఇన్నిసార్లు వేసి, ఆ పూటే పనిలోకి దింపితే, వేలిని లేపే స్నాయువు పలచబడి తెగుతుంది. అరుదే. కానీ పురి వదిలిన దారంతో కుడితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

చూపుడువేలికి అలాంటి తాళ్లు రెండుంటాయట. అందులో ఒకటి తీసి బొటనవేలికి కలపాలి. ముందు షుగరు దిగాలి. తర్వాత కట్టు, వ్యాయామం. వేలు లేస్తుంది కానీ, రోజంతా కత్తెర ఆడుతుందని మాటివ్వలేనంది. చివర్లో, క్లినిక్కువాళ్లు జాగ్రత్తల కాగితం ఇవ్వలేదా అని అడిగింది. మాకేమీ ఇవ్వలేదని కత్తెరమ్మ కచ్చితంగా చెప్పింది.

ఆమెకు కోపం కొత్త కాదు. ఇంతకుముందు మాత్రం దానికి కొలతలుండేవి. ఇప్పటి కోపం ఎవరూ విప్పకుండానే చుట్టు విడిపోతున్న గుడ్డ తానులా ఉంది. బస్సులో కూర్చుని ఆ క్లినిక్కు డాక్టర్ని మనసులోనే నిలదీసింది, తిట్టింది, చొక్కా పట్టుకుంది. ఆ కోపం హాయిగా ఉంది. దాన్ని ఇంకెవరితోనూ పంచాల్సిన అవసరం రాకూడదని లోపల ఒక మూల మొక్కుకుంటున్న సంగతి ఆమెకే తెలిసి, సిగ్గేసింది.

ఆసుపత్రిలో చేరే ముందు కత్తెర తెచ్చుకుందామని షాపుకి వెళ్లింది. బల్ల వెనక గోడకి మేకు, మేకుకి తీగ, తీగకి కాగితపు అచ్చులు. కాలరుకొకటి, జేబుకొకటి, మణికట్టు పట్టీకొకటి. ఆ షాపులో ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం ఏదీ చెత్తబుట్ట దాకా పోదు. ఖాళీవైపు గీసి, కోసి, అచ్చు చేస్తారు. రాత ఉన్న వైపు ఎవరూ చూడరు. చూస్తే గీత కనపడదు.

అచ్చులు కూడా తనవేనని తీగ నుంచి తీస్తుంటే కాలరు అచ్చు తిరగబడింది. వెనక ఆ క్లినిక్కు గుర్తు. దాని కింద, మెడ వంపు దగ్గర తెగిన అక్షరాలు: 'రెండు వారాలు ఆ చేతితో బరు'.

జేబు తిప్పింది. పట్టీ తిప్పింది. మూడింటి మీదా అదే కాగితం, మూడు ఇంజెక్షన్లకు మూడు. ఒకదాంట్లో తెగిన మాట ఇంకోదాంట్లో దొరికింది. ముక్కలు బల్ల మీద పరిచి, జరిపి, ఎడమచేత్తో అతికేసరికి పూర్తి పాఠం కుదిరింది. తమ్ముడి గొంతు కూడా గుర్తొచ్చింది: గట్టి కాగితమక్కా, కాలరుకి బాగుంటుంది. తానే గీసింది. తానే కోసింది. రెండుసార్లు కొలిచి మరీ కోసింది.

తమ్ముడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆపరేషనంటే తొందరపడొద్దని, పదిరోజుల్లో సరుకు పంపడం అయిపోతుందని, ఈలోగా ఇంకొక్క ఇంజెక్షన్ వేయించి చూద్దామని ఓనరు అంటున్నాడని చెప్పాడు. ఆటో బయటే ఉందట.

ఆమె బల్ల వైపు చూపించింది. వాడి చూపు ముక్కల మీద పడి, అక్కడే ఆగింది.

"చదివావా?"

"చదివానక్కా."

"ఎప్పుడు?"

"మొదటిసారే. నువ్వు రెండు వారాలు ఆగితే షాపాగిపోతుంది. నొప్పి లేదన్నావు కదా. నువ్వే అన్నావు."

వాడన్నదీ నిజమే. అందుకే ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. తెలిసి పక్కన పెట్టింది వీడు. తాను ఇచ్చిన కాగితాన్ని తానే మూడుసార్లు కాలరాచినవాడు ఆ డాక్టరు. తిప్పి చూడకుండా కోసింది తాను. తప్పు ముగ్గురికీ పంచినా ఒక్కొక్కరి వాటా ఏమీ తగ్గలేదు. తనది తాను భరించగలదు. మిగతా రెండూ కడుపులో పెట్టుకునే ఓపిక ఇక లేదు.

"చదువు," అంది.

"అక్కా, అందరూ..."

"అందరికీ వినపడేలా చదువు."

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు ఆ నీళ్లు చూస్తే ఆమె సగం దారిలోనే మెత్తబడేది. ఇవాళ వాటిని సుద్దగీతని చూసినట్టు చూసింది.

"ఏడుపు తర్వాత. ముందు చదువు."

వాడు గొణుగుతూ మొదలుపెట్టాడు. రెండు వారాలు ఆ చేతితో బరువు పని, ఒకే పని పదేపదే చేయరాదు. షుగరు ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి, వారం రోజులు పరీక్ష చేసుకోవాలి. చర్మం తెల్లబడితే మళ్లీ వేయించుకోకముందే చూపించాలి. మూడు నెలలలోపు అదేచోట మళ్లీ వేయరాదు.

దగ్గర్లోని మిషను ఆగింది. తమ్ముడు కాలరు నుంచి జేబుకీ, జేబు నుంచి పట్టీకీ వేలు జరుపుతూ తడబడుతుంటే గుండీలావిడ లేచి వచ్చింది. కత్తెరమ్మ చేతి మీది తెల్లమచ్చ చూసింది. తన చీర కొంగు తీసి దాన్ని తుడవబోయి, మధ్యలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది. అవతల ఇస్త్రీ చేసే ముసలాయన పెట్టె పక్కన పెట్టి, కిందటి వారం అదే ఆటోలో వెళ్లి సూది వేయించుకొచ్చిన తన భుజాన్ని తడుముకున్నాడు.

"అయిపోయిందక్కా," అన్నాడు తమ్ముడు.

నడుస్తున్నవి ఇంకా నాలుగు మిషన్లున్నాయి.

"వాళ్లకి వినపడలేదు," అంది కత్తెరమ్మ. "మొదట్నుంచీ చదువు."