ఖాళీ అని రాసిపెట్టిన చోటు

నేను ఒక హార్డ్‌డిస్క్‌ను. ఎక్కడో దుమ్ము దూరని గదిలో, ముఖాలకు గుడ్డ కట్టుకున్నవాళ్లు నన్ను బిగించారు. మొదట ఒక ట్యూషన్ సెంటరులో పిల్లల మార్కులు మోశాను. అది మూతపడ్డాక చీరాలలో ఖాదర్ ఫోటో స్టూడియోకు చేరి పెళ్లిళ్లు మోస్తున్నాను.

మనుషులు దేన్నో చెరిపేశామంటే నాకు వింతగా ఉంటుంది. నా మీద ఆపరేటింగ్ సిస్టమ్ అనే మేస్త్రీ ఉంది. చెరపమంటే అది జాబితాలో పేరు కొట్టేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. అంతే. వస్తువు అక్కడే పడి ఉంటుంది, మరొకటి వచ్చి మీద కూర్చునేదాకా. మీరు మరిచిపోవడం కూడా ఇలాంటిదేనని నా అనుమానం.

ఒక మధ్యాహ్నం మగ్గం నేసే భద్రమ్మ వచ్చింది. ఆమె కూతురు హైమ రెండు నెలల కింద జ్వరంతో పోయింది.

“పక్కింటి పెళ్లిలో మా హైమ పాడింది గదన్నా. నీ వీడియోలో పెదాలు కదులుతున్నయ్, పాటేమో సినిమాది.”

“అందరికీ అట్నే వేస్తామక్కా. ఉత్త గొంతులు పెడితే ఎవరు చూస్తారు?”

“ఆ సినిమా పాట తీసెయ్యి. కళ్లు మూసుకుంటే దాని మొహం వస్తాంది, గొంతు రావట్లా.”

“అసలుది పోయిన వారమే చెరిపేశా గదక్కా. పెళ్లిళ్ల సీజను, డిస్కులో చోటు లేక.”

హైమ నాలో చెక్కుచెదరకుండా ఉంది, పేరు లేకుండా. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్నని అనుకోను.

ఖాదర్ చెడ్డవాడు కాదు. “ఆగక్కా, పోయినవి వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉందంట” అని ఆమెను కూర్చోబెట్టాడు. దాన్ని ఇంటర్నెట్ నుంచి దించుకుని నాలోనే ఎక్కించాడు. అదే డిస్కులో పెట్టవద్దని తెర మీద హెచ్చరిక వచ్చింది. చదవకుండా ‘సరే’ నొక్కాడు. మేస్త్రీ ఖాళీ చోటు వెతికి, హైమ పాట మీద దాన్ని కూర్చోబెట్టింది.

వీడియో దొరికింది. భద్రమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. తెర మీద హైమ జడ ముందుకు వేసుకుంది, గొంతు సవరించుకుంది, నోరు తెరిచింది. అక్కడి నుంచి బూడిదరంగు గళ్లు, గరగర.

“ఇంకోసారి పెట్టన్నా.”

పదకొండుసార్లు పెట్టాడు.

“ముందే పాడైనట్టుందక్కా” అన్నాడు, నన్ను వేలితో తడుతూ. “పాత డిస్కు.”

“నువ్వు మాత్రం ఏం చేస్తావయ్యా. ఇంత కష్టపడ్డావు” అని ఆమె అతనికి దండం పెట్టి వెళ్లింది.

హైమ పాడిన చోట ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా ఉంది. పోయినవి ఏవైనా తెస్తుందని, వచ్చినవాళ్లందరికీ ఖాదర్ దాన్ని చూపిస్తుంటాడు.